లోపలి పిడి

జకరయ్య ఇచ్చిన పిడిని నాగజ్యోతి కంటితో చూడలేదు. సంచిలోంచి చిన్న ఉలి తీసి, దాని మీద టక్కున కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏందమ్మా, టెంకాయ కొంటాండావా?" అన్నాడు జకరయ్య.

"గుల్లగా పలుకుతాందన్నా. లోపల బొక్కుంది."

నంద్యాలలో జకరయ్య లేతు షాపు తెలియని డ్రైవరు లేడు. పాత మాటడార్ వ్యాన్లకు సామాన్లు రావడం ఆగిపోయి ఏండ్లయింది. అద్దం తిప్పేది, తలుపు తీసేది, ఏ పిడి విరిగినా ఆయనే పోత పోసి ఇస్తాడు. దోసెలు పోసినంత సులువుగా పోస్తాడు. దోసెకు చిల్లులు పడితే అందం. పిడికి పడితే లప్పం నింపి, పైన వెండి రంగు కొడతాడు. ఊళ్లో స్పేర్ల అంగళ్లన్నిట్లో వేలాడేది ఆ సరుకే.

నాగజ్యోతిది ఆళ్లగడ్డ. భర్త ఈశ్వరాచారి శిల్పి. చెక్కిన విగ్రహాన్ని, చేయించుకున్నవాళ్ల ఊరికి తీసుకుపోయి నిలబెట్టి రావాలి. పని అయ్యేదాకా అక్కడే మకాం. అందుకని పాత మాటడార్‌నే ఇల్లుగా మార్చుకున్నాడు. అందులో మంచం, గ్యాసు పొయ్యి, దేవుడి పటం, చెనిక్కాయల పొడి డబ్బా.

ఆ బండి ఎడమ తలుపుకున్న కంపెనీ పిడిని ఆమె నమూనాకు తెచ్చింది.

"కుడి తలుపుకు ఇట్లాంటిది కావాల. లోపల్నుంచి ఎంత లాగినా విరగకూడదు."

"ఈ రంగు చూడు. కంపెనీదే అనుకుంటారు. తిప్పి చూస్తేగానీ నాదని తెలీదు. వెనక 'జ' గుద్దింటా. నా గుర్తు."

"చూసినాలే."

"మరింకేంది?"

"మా ఇంట్లో విగ్రహానికి ముక్కు రవ్వంత లేచిపోయినా అతికించి ఇయ్యరన్నా. పక్కన పడేస్తారు. పెరట్లో ముక్కుల్లేని దేవుళ్లు నలుగురున్నారు. నేను బట్టలారేసేది వాళ్ల మీదే."

జకరయ్య నవ్వాడు. "దేవుడంటే సరే. తలుపు పిడికి ఎందుకమ్మా ఇంత యవ్వారం? మీ ఆయన్ని లోపలేసి తాళం పెడతావా ఏంది?"

ఆమె నవ్వలేదు. "ఇంకోటి చెయ్యి."

వారం తర్వాత మళ్లీ బస్సు దిగి వచ్చింది. ఉలితో కొట్టింది. గుల్ల. ఆ పై వారమూ అంతే. ఈసారి జకరయ్యకు కోపం వచ్చింది.

"మీ ఆయనకు ఇంత చాదస్తముంటే ఆయన్నే రమ్మను. మేం మేం మాట్లాడుకుంటాం."

"రాలేడన్నా. వెలుగోడుకు విగ్రహం తీస్కపోయినాడు."

"నిన్ను మాత్రం బస్సుల్లో తిప్పుతాండాడు. బాగుంది."

ఏమనుకున్నాడో, పోత పిడిని మూలకు విసిరేశాడు. ఉక్కు కడ్డీ వెతికి తీశాడు. కోశాడు, లేతు మీద తిప్పాడు, ఆకురాయితో రుద్దాడు. లప్పం డబ్బా మూత తీయలేదు. అన్నం క్యారియరు మూత కూడా తీయలేదు. ఆమె బల్ల మీద కూర్చుని, పొయ్యి మీది పాలను చూసినట్టు, చూపు తిప్పకుండా చూసింది.

ఉలితో కొట్టింది. గుడిగంట చిన్నప్పుడు ఇట్లాగే మోగేదేమో అన్నట్టు మోగింది.

"లాగు" అంది.

వైసులో బిగించి, కాలు అడ్డం పెట్టి, మెడ నరాలు లేచేదాకా లాగాడు జకరయ్య. పిడి వంగను కూడా లేదు.

"పెద్ద పనేనా అన్నా ఇది?"

"ఏం పనమ్మా, ఒక పూట. ఓపికుండాల, అంతే."

"ఒక పూట" అంది ఆమె.

"బండి యాడుందో చెప్పు. నేనే వచ్చి బిగిస్తా. దుడ్లేం వద్దు."

"బండి లేదన్నా. ఇట్లాంటిది చెయ్యనీకి అయితాదా, కాదా అని తెలుసుకుందామని వచ్చినా."

మెరుస్తున్న పిడిని ఆమె ముట్టుకోలేదు. కొంగు ముడి విప్పి, విరిగిన ముక్కొకటి దాని పక్కన పెట్టింది. లప్పం రాలిపోయిన చోట బొక్క. వెనక 'జ'.

"వెలుగోడు కాలవలోంచి బండిని పైకి లాగినప్పుడు, మా ఆయన పిడికిట్లో ఇది ఉన్నింది."