కుళాయి పక్కన సంచి

ఇప్పుడు అందరి వంటిళ్ళలోనూ ఉన్నట్టే, గురవమ్మ కూతురింట్లోనూ కుళాయి పక్కన పల్చటి సంచి ఒకటి వేలాడుతోంది. అందులోని గోరువెచ్చని నీళ్ళలో మేకపిల్ల పెరుగుతోంది. వందో రోజున కోస్తే మాంసం వెన్నలా ఉంటుందని అల్లుడు ప్రభాకరం చుట్టాలను భోజనానికి పిలిచాడు.

“అత్తయ్యా, మార్కాపురంలో మేకలకు మీరేగదా పురుళ్ళు పోసింది! దీన్ని కాస్త బయటికి తీసిపెట్టండి” అన్నాడు.

గురవమ్మ సంచి మూతి విప్పి చెయ్యి లోపల పెట్టింది. జిగురు మోచేతిదాకా పాకింది. బొచ్చయినా సరిగా మొలవని ఆ పిల్ల, కళ్ళు తెరవకుండానే ఆమె వేలిని నోటితో అందుకుని చప్పరించసాగింది.

ఆమె చటుక్కున చెయ్యి లాగేసుకుంది.

“పాలకోసం తడుముకుంటా ఉంది నాయనా!”

“దానికేం తెలుసండీ, ఇంకా పుట్టందే!”

“నేనూ మేకల్ని కోసినదాన్నే. అవి ఎండ చూసినయ్యి, గడ్డి తిన్నయ్యి. ఇది మాత్రం నావల్ల కాదు.”

ఆమె బాల్కనీలోకి పరుగెత్తి కక్కుకుంది. వెనక వంటింట్లో సంచి నీళ్ళు భళ్ళున సింకులో పడ్డాయి. పక్కింటి బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న ఆవిడ నవ్వుతూ పలకరించింది.

“మీది ఇవాళేనా పిన్నిగారూ? మాది ఇంకా తన్నడమే మొదలుపెట్టలేదు.”