జనవరి వంతు

"వీసా చూశావా అక్కా? ఒక్కసారే ఎంట్రీ! ఇప్పుడు దుబాయ్ వెళ్తే అత్తయ్య మళ్ళీ జర్మనీలో అడుగుపెట్టలేరు!"

స్టుట్‌గార్ట్ ఎయిర్‌పోర్టు చెకిన్ వరుసలో, చేతినిండా అందరి పాస్‌పోర్టులతో ప్రతిమ తోటికోడలి మీద విరుచుకుపడింది. మంచి కోడలని ఇంటిల్లిపాదీ మెచ్చుకునే ఆ పెద్దకోడలు ఇన్నాళ్ళకి తప్పులో దొరికింది మరి.

"తెలుసు," అంది కనకలత, ముఖం తిప్పుకుని.

"తెలిసే టికెట్లు తీశావా? రెండు నెలలు ఉంచుకునేసరికి బరువైపోయారా? క్రిస్మస్ సెలవులని చెప్పి పెద్దావిణ్ణి ఎడారిలో వదిలించుకుంటావా?"

"నోరు అదుపులో పెట్టుకో. జనవరి నీ వంతు, గుర్తుందా?"

"నా వంతుకి నేనెప్పుడో రెడీ!"

అప్పటిదాకా ట్రాలీ పట్టుకుని నిలబడ్డ అత్తగారు ఆదిలక్ష్మి హ్యాండ్‌బ్యాగు తెరిచింది. దుబాయ్ నుంచి హైదరాబాదుకి తీసిన ఒకే ఒక్క టికెట్టు చిన్నకోడలికి చూపించింది.

"దాన్నేమీ అనకు. నేనే తీయించుకున్నాను. మొన్న వీడియో కాల్ అయ్యాక నువ్వు ఫోన్ ఆపడం మర్చిపోయావు. 'ఆవిడ వస్తే నేను ఇల్లు వదిలి పోతా' అని మావాడితో అంటుంటే విన్నాను."



ఆదిలక్ష్మి నెమ్మదిగా గుండీలు విప్పి, ఒంటిమీది చలికోటు తీసి ప్రతిమ చేతుల్లోని పాస్‌పోర్టుల మీద పెట్టింది.

"నువ్వు కొనిచ్చిందే, ఉంచుకో. ఇక్కడి చలితో నాకిక పనిలేదు."