గంగాదాస్ జైలు జీవితం

శ్యామల వెనక్కి తిరిగేలోపే గంగాకిషన్ బయటినుంచి తలుపు లాగి తాళం వేశాడు.

"గంగాకిషనన్నా, ఏందిది? తలుపు తియ్యి!"

"జర ఓపిక పట్టున్రి మేడమ్. మీ పుస్తకంల మా తాత నిజాం జైల్ల ఉన్నట్టు ఒక్క పేజీ రాసియ్యున్రి. రాయంగనే తీస్త."

ఆర్మూరు కాలేజీలో తెలుగు చెప్పే శ్యామల, నిజాం కాలంలో కథలు రాసిన గంగాదాస్ జీవితం మీద పుస్తకం రాస్తోంది. ఆయన కూర్చుని రాసిన గది చూపిస్తానంటే మనవడి పసుపు దుకాణానికి వచ్చి, మేడెక్కింది.

"ఆయన జైలుకే పోలేదు కదన్నా!"

"పోలేదని ఎవలకెర్క? ఆదివారం పెర్కిట్ చౌరస్తల ఆయన విగ్రహం పెడుతున్నం. వట్టిగ కథలు రాసినోనికి విగ్రహమెందుకని అందరడుగుతున్నరు."

అడుగుల చప్పుడు కిందికి వెళ్లిపోయింది.

శ్యామల తలుపు బాదింది, అరిచింది. కింద పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ము చప్పుడులో ఆ అరుపు ఆమెకే సరిగ్గా వినబడలేదు. ఫోన్ ఉన్న బ్యాగు దుకాణంలోనే ఉండిపోయింది. ఉన్న ఒక్క కిటికీ చెయ్యి అందనంత ఎత్తులో ఉంది. పసుపు ధూళికి గొంతు పట్టేసింది. ఇంట్లో బిడ్డ స్కూలు నుంచి వచ్చి ఉంటుంది.

ఒక్క పేజీయే కదా అనుకుంది. బల్ల మీది పెన్ను తీసి 'గంగాదాస్‌ను అరెస్టు చేసి' అని రాసింది. చెయ్యి ముందుకు సాగలేదు. ఆ ముక్కను గట్టిగా కొట్టేసింది. చెమటకు కాగితం చేతికి అంటుకుంది.

కింద డ్రమ్ము ఆగగానే మళ్లీ తలుపు బాదింది. మెట్ల మీద కర్ర చప్పుడు. వెనకే గంగాకిషన్ గొంతు.

"అత్తా, నువ్వెందుకొచ్చినవ్? కిందికి పో."

వచ్చింది గంగాదాస్ కూతురు, ఎనభై దాటిన శంకరమ్మ.

"ఆడపిల్లను లోపలేసి తాళమేసినవ్‌రా? తియ్యి."

"పుస్తకం కోసమే అత్తా..."

"తియ్యకుంటే ఆదివారం మైకు వట్టుకోని నేనే మాట్లాడ్త."

బయట తాళంచెవులు గలగలమన్నాయి.

"గదొక్కటి చెయ్యకత్తా," గంగాకిషన్ బతిమాలాడు. తాళం తీశాడు. శ్యామల మొహం చూడకుండానే గబగబా మెట్లు దిగిపోయాడు.

శ్యామల బయటికొచ్చి శంకరమ్మ చెయ్యి పట్టుకుంది. ముసలామె లోపలికి ఒకసారి తొంగిచూసింది గాని, గడప మీద కాలు పెట్టలేదు.

"ఏం మాట్లాడుదామనుకున్నవ్ అవ్వా? మీ నాయిన జైలుకు పోలేదనా?"

"ఆయనెందుకు పోతడు బిడ్డా? జైల్ల ఉన్నది మా అమ్మ, గీ అర్రల. ఆమె కథ రాసి తలుపు సందుల తోస్తే, నాయిన దానికింద తన పేరు రాసుకోని, గప్పుడు తాళం తీస్తుండె."