ఏకాదశి వెళ్ళేదాకా

"ఈరోజు మాత్రం వద్దు," అంది ఆమె.

డాక్టరు నిన్ననే తేల్చి చెప్పేశాడు. పెద్దాయన పీలుస్తున్న ఊపిరి ఆయనది కాదు, మిషన్‌ది. గొట్టం తీసేస్తే అరగంట, మహా అయితే గంట. ఎప్పుడు తీయాలన్నది ఇంటివాళ్ల ఇష్టం.

ఇంటివాళ్లలో ఆమె తప్ప అందరూ ఈరోజే అన్నారు. ఎందుకంటే ఈరోజు ముక్కోటి ఏకాదశి. వైకుంఠం తలుపులు బార్లా తెరిచి ఉండే రోజు. ఇవాళ పోయినవాణ్ణి పాపపుణ్యాలు అడిగేవాడుండడని, తిన్నగా లోపలికి వెళ్ళిపోవడమేనని మరిది పొద్దున్నుంచీ ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని నచ్చజెబుతున్నాడు.

"కోరుకున్నా దొరకని రోజు వదినా ఇది. అన్నయ్యలాంటివాడికి కూడా దొరికిందంటే దేవుడి దయ కాక మరేమిటి?"

ఆమె తల అడ్డంగా ఊపింది. నాన్నను ఇంకా హింస పెట్టొద్దని కొడుకు కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. అయినా ఆమె పట్టు వదల్లేదు.

నలభై రెండేళ్ల కాపురం, అదీ దేశంకాని దేశంలో. ఆయన లేకుండా గుడికి తప్ప గడప దాటి ఎరగదు. ఆయన ఊ అననిదే పుట్టింటికి ఫోనైనా చేసేది కాదు. అలాంటి ఇల్లాలు మొగుణ్ణి ఇంకొక్క పూట ఉంచుకోవాలనుకోవడంలో తప్పేముందని తోటికోడలు కళ్ళొత్తుకుంది. పైగా కటిక ఉపవాసం. ఏకాదశి అంటే ఆమెకు ప్రాణం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్కటి తప్పలేదు, జ్వరమొచ్చినా సరే. కళ్ళు తిరుగుతున్నాయంటే నర్సు వచ్చి నాడి చూసింది. మణికట్టు వంకర పోయిందేమని అడిగింది. కొత్త కాపురంలో విరిగిందని, సరిగా అతుక్కోలేదని చెప్పింది ఆమె.

పదకొండింటికి పెద్దాయన బీపీ పడిపోయింది. ఆమె లోపలికి పరుగెత్తి డాక్టరు చేతులు పట్టుకుంది. ఏ మందు ఎక్కించైనా సరే, సాయంత్రం దాకా నిలబెట్టమని బతిమాలింది. తర్వాత మొగుడి చెవి దగ్గరికి వంగింది.

"పోకండి. ఈ ఒక్కసారికి నా మాట వినండి."

ఎన్నో చావులు చూసిన నర్సు కూడా మొహం తిప్పుకుంది.

ఇంటి గోడకుండే క్యాలెండరును ఆమె సంచిలో పెట్టుకొచ్చింది. గంటకోసారి తీసి చూస్తోంది. ఏకాదశి సాయంత్రం 4.38 వరకు. ఇన్నేళ్లూ ఉపవాసానికి తేదీ చూసుకోవడమే గానీ, నిమిషాలతో ఆమెకెప్పుడూ పని పడలేదు.

గోడ గడియారంలో నాలుగున్నర అయింది. నాలుగూ ముప్పై ఎనిమిది అయింది. ఎందుకైనా మంచిదని ఆమె ఇంకో పది నిమిషాలు ఆగింది. అప్పుడు లేచి కొంగు సర్దుకుంది.

"ఇక తీసేయమనండి."

అందరూ తెల్లబోయారు. మరిది మాత్రం రెండు చేతులూ ఎత్తి పైకి దణ్ణం పెట్టాడు. అయిదుంపావుకు పెద్దాయన పోయాడు.

ఆమె ఏడవలేదు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది. మొహం తేటపడింది. మరిదిని చూస్తే జాలేసింది కాబోలు, తనే పలకరించింది.

"ఏం చేస్తాం బాబూ. ఏకాదశి వెళ్ళిపోయింది."

"ఎక్కడ వెళ్ళింది వదినా?" అన్నాడతను కళ్ళు తుడుచుకుంటూ. "ఆ క్యాలెండరు మన దేశం నుంచి తెప్పించింది. అందులో ఉన్నది అక్కడి టైము. ఇక్కడ మనం రెండున్నర గంటలు ముందున్నాం కదా, ఏడూ ఎనిమిది దాకా ఏకాదశే. అన్నయ్య వైకుంఠానికే వెళ్ళాడు. నీ చేతులతో నువ్వే పంపించావు."

ఆమె సంచిలోంచి క్యాలెండరు తీసి మళ్ళీ చూసింది.

కనీసం చచ్చాకైనా ఏ మనిషి నుంచి తప్పించుకుందామని నలభై రెండేళ్లు ఏకాదశి ఉపవాసాలు చేసిందో, ఆ మనిషి తనకంటే ముందే వెళ్ళి అక్కడ కూర్చున్నాడు.