రెండు ఎడమ చేతులు

ఆ రోజు దారం తెగడం అది మూడోసారి.

టైలరమ్మ పళ్ళు నూరుతూ మళ్ళీ సూదిలోకి దారం ఎక్కించబోయింది.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి, చెవుల దాకా లేచిన ఆమె భుజాన్ని మెల్లిగా కిందికి నొక్కింది.

గుండీలావిడ!

"నిన్ను పెట్టుకున్నది చొక్కాలకి గుండీలు కుట్టడానికి. నా భుజాలకి గుండీలు లేవు," అంది టైలరమ్మ.

గుండీలావిడ నవ్వి తన మూలకి వెళ్ళి కూర్చుంది. అన్నిటికీ నవ్వే ఆవిడ జవాబు. మాట లేదు.

నెల క్రితం, మండుటెండలో మెడకి రుమాలు చుట్టుకుని, గుమ్మంలో వచ్చి నిలబడింది. ఏదో రాసిన కాయితం చేతికివ్వబోయింది.

"చదివే తీరిక లేదమ్మా. పనికోసమేనా? ఒక గుండీ కుట్టి చూపించు."

కుట్టింది. చొక్కా చిరిగినా గుండీ ఊడదు, అలా కుట్టింది.

పేరు అడగలేదు. అడిగితే మాత్రం ఎలా చెబుతుందని!

"పుట్టు మూగా?" అంది లాయరుగారి భార్య. మొగుడి నల్లకోటు ఎల్లుండికల్లా కావాలని, కుర్చీ వేసుకుని మరీ కూర్చుంది.

"ఏమో మేడమ్. నోరు లేదు గానీ పెత్తనానికి లోటు లేదు. మూడయ్యేసరికి నా చెప్పులు లాగేస్తుంది."

"దొంగతనమా?"

"అదైనా నయం. నా అరికాళ్ళు నేలకి ఆనాలట! పళ్ళు బిగించానేమోనని దవడ పట్టి చూస్తుంది. నేను మనిషినో, అమ్మకానికొచ్చిన గేదెనో!"

"నీ మంచికేగా?"

"ఈ చిట్కాలన్నీ నాకు వచ్చు మేడమ్. నేర్పినావిడే నన్ను నట్టేట వదిలేసి పోయింది."

ఎదురు వీధి బడి మూడింటికి వదులుతారు. రెండేళ్ళ క్రితం దాకా ఆ బడి నుంచి టైలరమ్మ కూతురు సంచీ ఈడ్చుకుంటూ తిన్నగా ఈ షాపులోకే వచ్చేది. మూడు రోజుల జ్వరం ఆ పిల్లని తీసుకుపోయింది. ఇప్పుడు బడిగంట ఒక్కటే వస్తోంది.

ఆ గంట వింటే టైలరమ్మకి ఊపిరి ఆడేది కాదు. దుఃఖంలో ఉన్నవాళ్ళకి ధైర్యం చెప్పేవాళ్ళ ఫోన్ నంబరు ఎవరో ఇచ్చారు. చేస్తే, అవతల ఒక ఆడగొంతు.

"అమ్మా, ముందు అరికాళ్ళు నేలకి ఆన్చు. నేల చల్లగా ఉందా, వెచ్చగా ఉందా? అదొక్కటి చెప్పు, చాలు."

ఏడాది పాటు, రోజూ మూడింటికి. పెట్టేసే ముందు ప్రతిసారీ అనేది: "రేపు నాకు చెప్పడానికి ఒక్క సంగతి చూసి ఉంచు."

టైలరమ్మ చూసి ఉంచేది. షాపు మెట్ల కింద పిల్లి ఈనింది. కొత్త రంగు దారం వచ్చింది. ఏదో ఒకటి. అలా ఒక్కో రేపూ వచ్చేది.

ఒకరోజు వేరే గొంతు పలికింది. "అక్క ఇక రారండీ. ఆవిడకి..."

మిగతాది టైలరమ్మ వినలేదు. ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చెయ్యలేదు.

"కోటు గుడ్డ జాగ్రత్త. ఇంకో గజం కావాలన్నా దొరకదు," అంది లాయరుగారి భార్య.

టైలరమ్మ కత్తెర తీసింది. పొద్దుటి టిఫిను డబ్బా ఇంకా మూత తియ్యకుండానే ఉంది.

గంట మోగింది.

కత్తెర గుడ్డ మీద ఆనింది. ఆగకుండా నొక్కబోయింది.

గుండీలావిడ ఒక్క ఉదుటున వచ్చి మణికట్టు పట్టుకుంది.

కత్తెర జారింది. గుడ్డ పక్కకి తెగింది.

"అయ్యో, మావారి కోటు!"

"పోనీలే పాపమని పెట్టుకుంటే నెత్తికెక్కావు కదే!" టైలరమ్మ అరిచింది. "బయటికి నడు! మళ్ళీ ఈ గుమ్మం తొక్కావంటే ఊరుకోను!"

గుండీలావిడ గుడ్డ మీది సుద్దగీతలు చూపించింది. తన రెండు చేతులూ ముందుకి చాపి చూపించింది.

"సైగలు చాలు. పో!"

ఆవిడ సూదిని గుడ్డముక్కకి గుచ్చింది. టైలరమ్మ చెప్పులు రెండూ మిషను పక్కన సరిగ్గా సర్దింది. వెళ్ళిపోయింది.

తెగింది ఎంతో చూద్దామని టైలరమ్మ గుడ్డ పరిచింది. అంగుళమే. కుట్టులో కలిసిపోతుంది.

అప్పుడు చూసింది గీతల్ని. కోటుకి మొదటి చెయ్యి గీశాక కొలత కాయితం తిరగేసి రెండోది గీయాలి. తిరగెయ్యలేదు.

రెండూ ఎడమ చేతులే.

"మా ఆయనకి నోరు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది గానీ, చేతులు తిరగవమ్మా," అంది లాయరుగారి భార్య, వంగి చూసి. "పాపం, ఆవిడ ఇల్లెక్కడ?"

టైలరమ్మ చెప్పుల్లేకుండానే వీధి చివరిదాకా పరిగెత్తింది. పిలుద్దామంటే నోట్లో పేరు లేదు.

మర్నాడు గంట మోగేసరికి భుజాలు చెవుల దాకా లేచాయి. వెనకనుంచి ఏ చెయ్యీ రాలేదు.

ఎనిమిది నెలలుగా ముట్టని ఆ నంబరు అప్పుడే నొక్కింది. తిట్టడానికే.

"వదిలేసి పోయిందే మీ అక్క, ఎక్కడుంది?"

"వదిలెయ్యడమేమిటండీ?" అంది అవతలి గొంతు. "గొంతులో గడ్డ లేస్తే ఆపరేషన్ చేశారు, మాట పోయింది. ఇప్పుడు ఏదో టైలరు షాపులో గుండీలు కుడుతున్నారు. ఈ వయసులో ఎందుకక్కా అంటే, అక్కడొక అమ్మాయికి మధ్యాహ్నం మూడింటికి పక్కన మనిషి ఉండాలి అని రాసి చూపించారు."