మధ్య తలుపు

సత్రంలో మూడు రోజులకి మించి ఉండనివ్వరు. మూడో రోజు పొద్దున్నే గుమాస్తా చాప చుట్టించాడు. దీపాలవేళకి ఇల్లు దొరక్కపోతే మాణిక్యానికి బెజవాడ స్టేషను ప్లాట్‌ఫారమే గతి. చంకలో ఎనిమిది నెలల పిల్ల.

అతను ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని ముందు నడుస్తున్నాడు. ఆమె పది అడుగుల వెనక.

1942 వేసవి. విశాఖలో, కాకినాడలో బాంబులు పడ్డాయి. సముద్రపు ఒడ్డునున్న జనమంతా మూటలు కట్టుకుని బెజవాడలో దిగుతున్నారు. గాంధీనగరం అవతల మొన్నటిదాకా వరిచేలు. ఇప్పుడు గట్ల మీద కూడా గోడలు లేస్తున్నాయి. వేసిన సున్నం ఆరకముందే లోపల పొయ్యి రాజుకుంటోంది.

మొదటి ఇంటి దగ్గర ఇంటాయన బసవపున్నయ్య ఎవరో కుర్రవాణ్ణి గుమ్మంలోంచే పంపించేస్తున్నాడు.

"ఒంటిగాళ్ళకివ్వనని చెప్పానుగదయ్యా! సంసారులకే." అంతలో వీళ్ళని చూశాడు. మొహం విచ్చుకుంది. "రండి, రండి!"

గాలీ వెలుతురూ ఉన్నాయి. పెరట్లో నుయ్యి. అద్దె కూడా తక్కువే.

"ఒక్క గదేనాండీ?" అంది మాణిక్యం.

బసవపున్నయ్య నవ్వాడు. "ఆలుమగలకి ఎన్ని గదులు కావాలమ్మా? పోట్లాడుకోడానికొకటి, కలిసిపోడానికొకటీనా?"

అతను గొంతు సవరించుకున్నాడు. "నాకు రాత్రి డ్యూటీలండీ. పగలు పడుకోవాలి. పిల్ల చూస్తే ఏడుపు..."

మాణిక్యం అప్పటికే వీధిలో ఉంది.

రెండో ఇంట్లో రెండు గదులున్నాయి. మధ్య తలుపు లేదు.

"గోనెపట్టా కట్టుకోండి. చక్కగా ఉంటుంది" అన్నాడు ఇంటాయన.

మాణిక్యం తల అడ్డంగా ఊపింది. అతనూ ఊపాడు.

మూడోది గంట కిందటే అద్దెకిచ్చేశారు. నాలుగోది నిన్నటిదాకా గొడ్లచావిడి. వాసన ఇంకా పోలేదు. ఎండ వాలిపోతోంది. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"పోనీ, ఆ ఒంటిగదే తీసుకుంటే?" అన్నాడతను, ఆమె వైపు చూడకుండా.

"ఆ మాట అనొద్దు."

అతను పెట్టె రెండో భుజానికి మార్చుకుని నడిచాడు.

స్టేషను పక్క సందులో, అరుగు మీద కూచుని చింతపండు గింజ తీస్తూ కనిపించింది సీతారావమ్మ. మొగుడు పల్లెలో వ్యవసాయం చూసుకుంటాడు. కొత్తగా కట్టిన ఈ ఇల్లు ఆమె చూసుకుంటుంది.

"ఏ ఊరు మీది?"

"మంగళగిరండీ. మగ్గాలవాళ్ళం" అన్నాడతను.

"గచ్చు కొత్తది నాయనా! మగ్గం గుంట తవ్వుతానంటే మాత్రం ఒప్పుకోను."

"లేదండీ. నాకు గూడ్సు షెడ్డులో ఉద్యోగం. రేపే చేరాలి."

సీతారావమ్మ పిల్ల గడ్డం పట్టుకుంది. "ఆ ముక్కు చూడు, తండ్రి ముక్కు ఊడిపడ్డట్టు లేదూ!"

మాణిక్యం గబుక్కున పిల్ల మొహం మీద కొంగు కప్పింది.

"నా దిష్టి తగల్దులేవే పిచ్చిదానా! లోపలికెళ్ళి చూసుకో."

రెండు గదులు. మధ్యన టేకు తలుపు. మాణిక్యం లోపలి గదిలో నిలబడి గడియ వేసింది. భుజంతో తోసి చూసింది. కదల్లేదు. పొద్దుటినుంచి మొదటిసారి ఆమె ఊపిరి నిండుగా పీల్చుకుంది.

"ముందే చెప్తున్నానమ్మాయ్, ఇంజన్ల కూతలకి నిద్రుండదిక్కడ."

"ఫరవాలేదండీ. మావాళ్ళు రంగూను నుంచి నడిచొస్తున్నారు. నేను ముందు ఓడెక్కి వచ్చేశాను. కలకత్తా నుంచొచ్చే ఏ బండిలో దిగుతారో... రోజూ వెళ్ళి చూడాలి."

సీతారావమ్మ చింతపండు చేతులు చీరకి తుడుచుకుంది. రంగూను మాట వింటే ఆ రోజుల్లో ఎవరికైనా గొంతు తగ్గేది.

సత్రంలో మిగిలిన మూటలు తెస్తానని అతను వెళ్ళాడు. తాళంచెవి ఇవ్వబోతూ సీతారావమ్మ ఆగింది.

"రేపు మా ఆయనొచ్చి ఎవరికిచ్చావే అంటే ఏం చెప్పను? మీ ఆయన పేరేంటమ్మాయ్?"

మాణిక్యం నోటిదాకా ఏదో వచ్చింది. మింగేసింది. చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని కాలి బొటనవేలితో గచ్చు మీద గీస్తూ నిలబడిపోయింది.

 

"అయ్యో నా తల్లే!" సీతారావమ్మ విరగబడి నవ్వింది. "ఈ కాలంలో కూడా మొగుడి పేరు చెప్పడానికి ఇంత సిగ్గా! ఆ ఎదురింట్లో ఉంది ఒకత్తి, మొగుణ్ణి రావు రావు అని వీధంతా వినపడేట్టు కేకేస్తది. నీలాంటి పిల్ల కోసమేనే ఇన్నాళ్ళూ ఇల్లు అట్టిపెట్టా!"

తాళంచెవి మాణిక్యం అరచేతిలో పడింది. ఇంత చింతపండు కూడా చేతిలో పెట్టి మరీ వెళ్ళింది సీతారావమ్మ.

అతను మూటలతో తిరిగొచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. మూటలు ముందుగదిలో దించి, ఆమె పెట్టె మాత్రం లోపలి గది గుమ్మం దాకా జరిపి, గడప ఇవతలే ఆగిపోయాడు.

మాణిక్యం వీధి తలుపు మూసివచ్చి, గొంతు బాగా తగ్గించి, "పొద్దున సత్రం గుమ్మంలో తొందరలో అడగనేలేదు, ఇంతకీ మీ పేరేమిటండీ?" అంది.