చప్పుడు లేని ఇంజన్

"దాన్ని తియ్యొద్దు నాయనా!"

కృపావరం తలెత్తి చూశాడు. ఎవరో ముసలమ్మ. ఆటో దిగి నేరుగా రేవులోకే వచ్చినట్టుంది, ఇంకా రొప్పుతోంది.

కంభం చెరువులో కృపావరానిదొక పాత పడవ. వాళ్ళ నాయన కాలంలో తెరచాపతో నడిచేది. తర్వాత డీజిల్ ఇంజన్ బిగించారు. ఇప్పుడు ఆ ఇంజన్‌కీ వయసైపోయింది. బతిమాలితేగాని కదలదు. కదిలిందంటే చెరువు చెరువంతా దద్దరిల్లిపోవాల్సిందే.

పోయిన నెల అవతలి పల్లె నుంచి మిరపకోత కూలీలను తెస్తుంటే నడిచెరువులో ఆగిపోయింది. గాలికి పడవ ఊగుతుంటే ఆడవాళ్ళంతా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ ఏడుపు కృపావరం చెవుల్లోంచి పోలేదు. అందుకే ఉన్నదంతా ఊడ్చి కొత్త ఇంజన్ తెప్పించాడు.

బేస్తవారిపేట నుంచి వచ్చిన మెకానిక్ విక్టర్ పాతదానికి గొలుసు తగిలించి పైకి లేపుతున్నాడు. సరిగ్గా ఇప్పుడే దొరికింది ఈవిడకు సమయం.

"ఎందుకు తియ్యొద్దు పెద్దమ్మా?"

"కొత్తది మోత చేస్తాదా?"

"చెయ్యదు," అన్నాడు విక్టర్ గర్వంగా. "పక్కన కూసున్నా ఇనపడదు."

ముసలమ్మ మొహం వాడిపోయింది.

"మోత లేకపోతే ఎట్ల నాయనా?"

విక్టర్ పకపకా నవ్వాడు. "అంత మోత కావాల్నంటే తిరునాళ్ళకు పో అవ్వా!"

"పోనీ, హారన్ అన్నా పెట్టు నాయనా."

"ఇదేమన్నా లారీనా?" కృపావరం విసుక్కున్నాడు.

"అది కాదు నాయనా, పొద్దున పూట మంచులో..."

ఆ మాట పూర్తి కాలేదు. గొలుసు జారి ఇంజన్ ఒక పక్కకు ఒరిగింది. ఇద్దరూ మీదపడి పట్టుకున్నారు.

"పో పెద్దమ్మా, పో! మా పానం తియ్యొద్దు!" కృపావరం అరిచాడు.

మళ్ళీ చూసేసరికి ఆమె లేదు.

కొత్త ఇంజన్ నిజంగా బంగారమే. మీట నొక్కితే చాలు, మారు మాట్లాడకుండా కదిలేది.

"అన్నా, ఇది పడవా, పల్లకీనా?" అంది రోజూ పడవెక్కే లీదియా. కూలి ఆడవాళ్ళంతా నవ్వారు. కృపావరం చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాడు.

ఆ వారంలోనే మంచు దిగింది.

తెల్లవారుతూనే కూలీల కోసం ఖాళీ పడవతో బయల్దేరాడు. చాపిన చెయ్యి కనపడటం లేదు. అయినా బెంగ పడలేదు. మంచు పడ్డ రోజున అవతలి ఒడ్డున, బండల మీద ఒక దీపం వెలుగుతుంది. ఆ పల్లె చర్చివాళ్ళు పెడతారని అతని నమ్మకం. దాన్ని తప్పించుకుని పక్కగా పోతే రేవు. దాని మీదికే పోతే బండలు.

ఈరోజు దీపం లేదు.

కళ్ళు చికిలించి చూశాడు. ఎక్కడా లేదు. ప్రభువా, ప్రభువా అనుకుంటూ పడవ వేగం తగ్గించాడు. అడుగున బండ కర్రుమని రాసుకుంది. ఇంజన్ ఆపేసి, గడకర్ర నేలకు పొడిచి, ఎండ వచ్చేదాకా బిక్కుబిక్కుమంటూ అక్కడే ఉండిపోయాడు.

మంచు విడిపోయాక అవతలి రేవుకు చేరాడు. ఒడ్డున జనం గుమిగూడి ఉన్నారు.

మధ్యలో ఒక ముసలమ్మను పడుకోబెట్టారు. తడిసిన చీర ఒంటికి అంటుకుపోయి ఉంది. ఊపిరి లేదు.

హారన్ పెట్టమన్న మనిషే.

"ఎవరమ్మా ఈమె?" లీదియాను అడిగాడు.

"మా పాపమ్మ అవ్వ అన్నా. నీళ్ళల్లో పడిపోయినాది."

"ఇంత పొద్దున్నే నీళ్ళల్లోకి ఎందుకు దిగినాది?"

"నేను వద్దనే చెప్పినా. మోత ఇనపడలా, ఇంకాస్త ముందుకు పోయి ఇంటానన్నాది. మంచులో మళ్ళా కనపడలా." లీదియా వెక్కివెక్కి ఏడ్చింది.

ఏం మోతో అడగడానికి కృపావరానికి ధైర్యం చాలలేదు. కోపం మాత్రం వచ్చింది. ఎవరి మీదో అతనికే తెలియదు.

"మీ చర్చోళ్ళు దీపమన్నా పెట్టలేదేంది? నేను గూడా చచ్చేవాణ్ణి గదా!"

లీదియా ఏడుపు ఆపి అతని మొహంలోకి చూసింది.

"చర్చికి దీపమెక్కడిది అన్నా? ఇన్నేండ్లూ నీ ఇంజన్ మోత ఇనంగానే లైటు పట్టుకోని ఆ బండల మీద నిలబడేది ఈ అవ్వే."